వాయింపు పెరిగి, పాట తరిగిన ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్

1972లో వచ్చిన 'లాస్ట్ ఆఫ్ ద రెడ్ హాట్ బరీటోస్' అనే లైవ్ రికార్డు విన్నవాళ్ళెవరికీ అది కూలిపోతున్న బ్యాండ్ అనిపించదు. డ్రమ్స్ ఎక్కడా తడబడవు. స్టీల్ గిటార్ చురుగ్గా ఉరుకుతుంది. మధ్యలో ఫిడిల్ అందుకుంటే జనం ఈలలు వేస్తారు. అమెరికా పల్లె సంగీతమైన కంట్రీని రాక్‌తో కలిపిన ఈ ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ స్టేజి మీద ఇంత శుభ్రంగా వాయించిన రోజులు అంతకు ముందు లేవు. కానీ కవర్ వెనక్కి తిప్పి పాటల జాబితా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మొత్తం 11 ట్రాకులు. బ్యాండ్ సొంత పాటలు నాలుగే, ఆ నాలుగూ మొదటి రెండు ఆల్బమ్‌ల నాటివే. మిగతావన్నీ ఇతరుల పాటలు, పాత బాణీలు. కొత్తగా రాసిన పాట ఒక్కటీ లేదు. ఆ నాలుగు పాటల్ని రాసినవాళ్ళలో స్టేజి మీద నిలబడి ఉన్నది క్రిస్ హిల్‌మన్ ఒక్కడే.

ఈ బ్యాండ్ పతనాన్ని సాధారణంగా, హిల్‌మన్‌తో కలిసి దాన్ని పెట్టిన గ్రామ్ పార్సన్స్ అనే ఒక్క మనిషి కథగా చెబుతారు. అందగాడు, డబ్బున్నవాడు, 26 ఏళ్ళకే చనిపోయాడు, అతను పోయాక బ్యాండ్ పోయింది అని. అందులో కొంత నిజం ఉంది. అయితే పార్సన్స్ బ్యాండ్‌లో ఉండగానే పతనం మొదలైంది. అది తెలియాలంటే ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు అన్న లెక్కతో పాటు, ఎవరు ఎవరితో కూర్చుని పాట రాశారన్న లెక్క కూడా చూడాలి.

పేరులో బ్రదర్స్ ఉన్నా వీళ్ళలో అన్నదమ్ములు లేరు. బరీటో అంటే మెక్సికో వాళ్ళు గోధుమ రొట్టెలో బీన్స్, మాంసం చుట్టి తినే తిండి. ఆ పేరు కూడా వీళ్ళు పెట్టుకున్నది కాదు. పార్సన్స్ పాత బ్యాండ్ ఇంటర్నేషనల్ సబ్‌మెరీన్ బ్యాండ్‌లో ఉన్న ఇయన్ డన్‌లప్, మరికొందరు స్నేహితులు సరదాగా వాయించుకునే గుంపుకి ఆ పేరు పెట్టుకున్నారు. వాళ్ళు తూర్పు తీరానికి వెళ్ళిపోయాక పార్సన్స్ దాన్ని తీసుకున్నాడు. పేరు చేతులు మారడమనేది ఈ బ్యాండ్‌కి పుట్టుకతోనే వచ్చింది. ఆ తర్వాత 50 ఏళ్ళ పాటు మారుతూనే ఉంది.

పార్సన్స్ 1946లో ఫ్లోరిడాలో పుట్టాడు, జార్జియాలోని వేక్రాస్ అనే ఊళ్ళో పెరిగాడు. అమ్మ తరఫు వాళ్ళు ఫ్లోరిడా నారింజ తోటల మీద కోట్లు గడించినవాళ్ళు. అతనికి 12 ఏళ్ళప్పుడు నాన్న తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. హైస్కూల్ చదువు ముగిసే రోజుల్లో అమ్మ తాగుడు వల్ల పోయింది. హార్వర్డ్‌లో చేరి ఒక్క సెమిస్టర్‌తో మానేశాడు. హిల్‌మన్ పూర్తిగా వేరే రకం మనిషి. కాలిఫోర్నియావాడు, చిన్నప్పటి నుంచీ మాండలిన్ మీద బ్లూగ్రాస్ అనే వేగమైన కంట్రీ సంగీతం వాయించినవాడు, 1964 నుంచి ద బర్డ్స్ బ్యాండ్‌లో బేస్ గిటారిస్టు. రిహార్సల్‌కి టైముకి వచ్చే మనిషి. ఒకరికి ఊహ ఎక్కువ, మరొకరికి పని తెలుసు. ఈ ఇద్దరూ 1968 మొదట్లో బర్డ్స్‌లో కలిశారు. పార్సన్స్ చేరిన కొద్ది నెలల్లోనే బర్డ్స్ కంట్రీ సంగీతానికి రాజధాని అయిన నాష్‌విల్ వెళ్ళి 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' అనే పూర్తి కంట్రీ రికార్డు మొదలుపెట్టింది. జులైలో దక్షిణాఫ్రికా టూర్‌కి బయల్దేరే ముందు, వర్ణవివక్ష ఉన్న దేశంలో వాయించనని చెప్పి పార్సన్స్ లండన్‌లోనే ఆగిపోయాడు. ఆ కారణాన్ని హిల్‌మన్ అప్పట్లో నమ్మలేదు, బాగా కోపం తెచ్చుకున్నాడు. కొన్ని నెలలకు మేనేజర్‌తో డబ్బు గొడవలొచ్చి తనూ బర్డ్స్ నుంచి బయటకు వచ్చాడు. కోపం మరిచి ఇద్దరూ మళ్ళీ కలిశారు.

లాస్ ఏంజిల్స్ శివారులో, శాన్ ఫెర్నాండో లోయలోని రీసీడాలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇద్దరికీ వ్యక్తిగత జీవితంలో పరిస్థితులు బాగా లేవు. అందుకే కాబోలు, పొద్దున లేస్తే పాటలు రాయడం తప్ప వేరే ధ్యాస లేకుండా గడిపారు. 'సిన్ సిటీ' అక్కడే పుట్టింది. ఒక ఉదయం మొదటి పంక్తులు తట్టి, హిల్‌మన్ వెళ్ళి పార్సన్స్‌ని నిద్ర లేపాడు. అరగంటలో పాట పూర్తయిందని హిల్‌మన్ చెబుతాడు. లాస్ ఏంజిల్స్ నగరాన్ని, సంగీత వ్యాపారాన్ని, తమను ముంచిన మేనేజర్‌ని కలిపి, చర్చి ప్రసంగంలాగా హెచ్చరించే పాట అది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఒక చెవిలో ఒకరి గొంతు, రెండో చెవిలో మరొకరి గొంతు వినిపిస్తాయి. ఏ గొంతూ రెండోదానికి వంత పాడుతున్నట్టు ఉండదు. రెండూ సమానంగా నడుస్తాయి, ఒక్కోచోట దగ్గరకొస్తాయి, మళ్ళీ విడిపోతాయి. బ్యాండ్ ఎలా ఉండాలనుకుందో ఆ మిక్సింగ్‌లోనే తెలిసిపోతుంది.

నలుగురితో మొదలైన ఆ బ్యాండ్‌లో మిగతా ఇద్దరిలో క్రిస్ ఎథ్రిడ్జ్ మిసిసిపీ రాష్ట్రం మెరిడియన్ నుంచి వచ్చిన బేస్ ప్లేయర్. పియానో కూడా వాయిస్తాడు, నల్లజాతి వాళ్ళ చర్చి పాటల నుంచి పుట్టిన దక్షిణాది సోల్ సంగీతం అతని రక్తంలో ఉంది. మొదటి ఆల్బమ్‌లో అందరూ గుండెకు హత్తుకునే 'హాట్ బరీటో నంబర్ 1', దాని జోడు 'నంబర్ 2' పార్సన్స్, ఎథ్రిడ్జ్ కలిసి రాసినవే. నాలుగోవాడు 'స్నీకీ' పీట్ క్లైనో. మిగతా వాళ్ళకంటే వయసులో పెద్ద. పగలు సినిమా, టీవీల కోసం బొమ్మల్ని అంగుళం అంగుళం కదుపుతూ యానిమేషన్ చేసే ఉద్యోగం. 'గంబీ' అనే మట్టిబొమ్మల సీరియల్‌కి పనిచేశాడు. రాత్రి క్లబ్బుల్లో పెడల్ స్టీల్ గిటార్ వాయించేవాడు.

ఈ వాయిద్యం గురించి కొంచెం చెప్పుకోవాలి. పెడల్ స్టీల్‌ని భుజాన తగిలించుకోరు. కాళ్ళున్న చిన్న బల్లలా ఉంటుంది, ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కుడిచేత్తో తీగలు మీటుతూ ఎడమచేత్తో ఒక ఇనుప కడ్డీని వాటి మీద జరుపుతారు. కింద పెడల్స్ ఉంటాయి. పెడల్ తొక్కితే, మోగుతున్న తీగల్లో కొన్ని మాత్రమే స్వరం మార్చుకుంటాయి, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. కంట్రీ పాటల్లో వినిపించే ఆ సన్నని ఏడుపు, ఒక స్వరం కరిగి ఇంకో స్వరంలోకి జారిపోవడం దీని నుంచే వస్తుంది. నాష్‌విల్ వాళ్ళు దీన్ని ఎంతో నాజూగ్గా, పాట వెనకాల నిలబడి వాయిస్తారు. క్లైనో ఎనిమిది తీగల ఫెండర్ వాయిద్యానికి శబ్దాన్ని గరుకుగా మార్చే ఫజ్ బాక్స్ తగిలించి, రాక్ గిటార్‌లాగా చీరుకుపోయే శబ్దం తీశాడు. మొదటి ఆల్బమ్‌లో లీడ్ గిటారిస్టు అనదగ్గ మనిషి వేరే లేడు. ఆ పని చాలావరకు క్లైనోనే చేశాడు. ఆ రికార్డుకి ఉన్న వింత రంగు అదే.

బట్టల సంగతీ అంతే. హాలీవుడ్‌లో కంట్రీ స్టార్లకి మెరుపుల సూట్లు కుట్టే నూడీ కోన్ దుకాణంలో నలుగురూ సూట్లు కుట్టించుకున్నారు, వాటిని తీర్చిదిద్దింది మాన్యుయెల్ క్వేవాస్. పార్సన్స్ తెల్ల సూటు మీద గంజాయి ఆకులు, నల్లమందు పూలు, మాత్రలు, నగ్న స్త్రీల బొమ్మలు, వీపు మీద పెద్ద శిలువ. హిల్‌మన్‌కి నెమళ్ళు, ఎథ్రిడ్జ్‌కి గులాబీలు. క్లైనోకి మాత్రం ఛాతీ మీద రెక్కలు చాచిన రాక్షసబల్లి. ఆ సూట్లలో ఎడారిలో నిలబడి కవర్ ఫొటో తీయించుకున్నారు. చర్చి పాటలు వింటూ పెరిగి మత్తుమందుల నగరంలో బతుకుతున్న మనుషుల తికమక పాటల్లో ఉంది, సూట్ల కుట్టుపనిలోనూ ఉంది.

'ద గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్' 1969 ఫిబ్రవరిలో ఎ అండ్ ఎం లేబుల్ మీద వచ్చింది. 11 పాటలు. బయటి పాటలు రెండే, ఆ రెండూ చిప్స్ మోమన్, డాన్ పెన్ జంట రాసిన సోల్ పాటలు. మిగతా తొమ్మిదిలో ఆరు పార్సన్స్, హిల్‌మన్ కలిసి రాసినవి. ఈ ఆరు అనే అంకె గుర్తుంచుకోవాలి.

రికార్డు అమెరికా అమ్మకాల పట్టిక అయిన బిల్‌బోర్డ్ చార్టులో 164వ స్థానం దాటలేదు. కారణం పాటల్లో లేదు. అమెరికాలో అప్పుడు వియత్నాం యుద్ధం మీద జనం రెండుగా చీలిపోయి ఉన్నారు. కంట్రీ సంగీతం సంప్రదాయవాదులది, రాక్ జుట్టు పెంచిన కుర్రాళ్ళది అన్నది స్థిరపడిపోయింది. కంట్రీ రేడియో వాళ్ళకి ఈ హిప్పీలు అక్కర్లేదు. రాక్ రేడియో వాళ్ళకి స్టీల్ గిటార్ వినగానే తమ నాన్నల పాటలు గుర్తొచ్చేవి. బరీటోస్ పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడి అయింది. బాబ్ డిలన్ లాంటివాడు మెచ్చుకున్నా అమ్మకాలు లేవలేదు.

టూర్‌లో ఇంకో దెబ్బ తగిలింది. విమానమంటే పార్సన్స్‌కి భయం. దేశమంతా రైల్లో తిరిగారు. ఖర్చు లేబుల్‌ది, ప్రయాణమంతా పేకాట, మత్తు. స్టేజి ఎక్కేసరికి శ్రుతి కలిసేది కాదు. మొదటి ఆల్బమ్ రికార్డింగ్‌కి ఒకే డ్రమ్మర్ అంటూ లేడు, రకరకాల వాళ్ళు వాయించారు. టూర్‌కి బర్డ్స్ పాత డ్రమ్మర్ మైకేల్ క్లార్క్‌ని తెచ్చుకున్నారు. తిరిగొచ్చాక 'ద ట్రెయిన్ సాంగ్' అని ఒక సింగిల్ చేశారు, అదీ ఆడలేదు.

1969 చివర్లో ఎథ్రిడ్జ్ వెళ్ళిపోయాడు. లైనప్ పట్టికలో ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. బేస్ ప్లేయర్ పోయాడు, అతని చోటికి హిల్‌మన్ తన పాత వాయిద్యమైన బేస్‌తో వచ్చాడు, గిటార్‌కి బెర్నీ లెడన్ చేరాడు. లెడన్ ఏ రకంగా చూసినా మంచి గిటారిస్టు, మంచి గాయకుడు, బాంజో కూడా వాయిస్తాడు. అంటే వాయింపు మెరుగైంది. పోయినదేమిటంటే పార్సన్స్‌లోని సోల్ గాయకుణ్ణి బయటకు లాగిన మనిషి. 'హాట్ బరీటో' లాంటి పాట ఆ తర్వాత ఈ బ్యాండ్ నుంచి మళ్ళీ రాలేదు.

అదే సమయంలో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ లాస్ ఏంజిల్స్‌కి వచ్చారు. వాళ్ళ గిటారిస్టు కీత్ రిచర్డ్స్, పార్సన్స్ ఒకరినొకరు వదలని స్నేహితులయ్యారు. పార్సన్స్ రిచర్డ్స్‌కి కంట్రీ పాటల లోతు చూపించాడు. తన రిహార్సల్స్‌ని మాత్రం గాలికి వదిలేశాడు. 1969 డిసెంబర్ 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో జరిగిన ఉచిత కచేరీలో బరీటోస్ కూడా వాయించారు. ఒక ప్రేక్షకుడి హత్యతో ముగిసిన ఆ రోజు రాక్ చరిత్రలో చీకటి రోజుగా మిగిలింది.

డబ్బు విషయం కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే బ్యాండ్లు విడిపోవడంలో దానికి పెద్ద వాటా ఉంటుంది. పార్సన్స్‌కి తాతగారి ఆస్తి ట్రస్టు నుంచి ఏటా డబ్బు వచ్చేది. క్లబ్బు కచేరీ పోయినా అతని అద్దె ఆగదు. మిగతావాళ్ళకి కచేరీయే జీతం. ఒకే బండికి కట్టిన ఎడ్లలో ఒకదానికి ఇంటి దగ్గర గడ్డివాము ఉంటే, అది నడిచే తీరు వేరుగా ఉంటుంది. హిల్‌మన్ తర్వాతి రోజుల్లో పార్సన్స్ గురించి ఎంత ప్రేమగా మాట్లాడినా, ఈ ఒక్క మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ప్రతిభ ఉంది, కష్టపడే గుణం లేదు అని.

రెండో ఆల్బమ్ 'బరీటో డీలక్స్' 1970 వసంతంలో వచ్చింది. ఇందులోనూ 11 పాటలే. పార్సన్స్, హిల్‌మన్ ఇద్దరే కూర్చుని రాసినవి రెండు. మరో రెండు లెడన్‌తో కలిసి ముగ్గురూ రాశారు. 'లేజీ డేస్' పార్సన్స్ పాత బ్యాండ్ రోజుల్లో రాసి పక్కన పెట్టిన పాట. నాలుగు బయటివి, వాటిలో ఒకటి డిలన్‌ది, ఒకటి పాత చర్చి పాట. ఏడాది తిరిగేసరికి ఆరు కాస్తా రెండైంది. పార్సన్స్ ఇంకా బ్యాండ్‌లోనే ఉన్నాడు, హిల్‌మన్ కూడా ఉన్నాడు. రీసీడా ఇంట్లో పొద్దున్నే లేపి పాట రాయించిన ఆ అలవాటు పోయింది. ఈ బ్యాండ్ పతనానికి ఒక తేదీ వెతకాలంటే అది పార్సన్స్‌ని తీసేసిన రోజు కంటే చాలా ముందే ఉంటుంది.

ఆ ఆల్బమ్‌లో అందరూ గుర్తుపెట్టుకునే పాట చివరిది, 'వైల్డ్ హార్సెస్'. అది రోలింగ్ స్టోన్స్‌లోని మిక్ జాగర్, రిచర్డ్స్ రాసినది. స్టోన్స్ సొంత రికార్డు 1971లో గానీ బయటకు రాలేదు. అంటే లోకం ఆ పాటని మొదట విన్నది పార్సన్స్ గొంతులోనే. ఎంత గొప్ప గౌరవం! అయితే అదే పాట బ్యాండ్ స్థితిని కూడా చెబుతుంది. రెండో రికార్డులో అన్నిటికంటే బలమైన పాట స్నేహితుడి ఇంటి నుంచి తెచ్చుకున్నది. ఆ గొంతులో అలసట నిజం. పాట మొదలవగానే ఆ మనిషి మనసు ఈ బ్యాండ్‌లో లేదని అర్థమవుతుంది.

ఆల్బమ్ చార్టుకే ఎక్కలేదు. ఆ వేసవికి ముందు పార్సన్స్ మోటార్‌సైకిల్ మీద నుంచి పడి గట్టిగా గాయపడ్డాడు. కోలుకున్నాక కచేరీలకి ఆలస్యంగా, మత్తులో రావడం ఎక్కువైంది. 1970 మధ్యలో హిల్‌మన్ అతన్ని బ్యాండ్ నుంచి తీసేశాడు. బర్డ్స్‌ని మధ్యలో వదిలి వెళ్ళినవాణ్ణి క్షమించి, కలిసి ఇల్లు తీసుకుని, కలిసి బ్యాండ్ కట్టిన మనిషి తీసుకున్న నిర్ణయం అది. అది కోపంతో తీసుకున్నదనే కంటే ఓపిక అయిపోయి తీసుకున్నదనడం సరైనది.

పార్సన్స్ స్థానంలో రిక్ రాబర్ట్స్ అనే కుర్రాడు వచ్చాడు. రాబర్ట్స్‌కి చరిత్ర పుస్తకాల్లో అన్యాయం జరుగుతూ ఉంటుంది. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌కి బ్యాండ్ పేరే పెట్టారు. అందులో పది పాటలుంటే ఏడు రాబర్ట్స్ ఒక్కడే గానీ, హిల్‌మన్‌తో కలిసి గానీ రాసినవి. వాటిలో 'కొలరాడో' నిజంగా మంచి పాట. లిండా రాన్‌స్టాట్ 1973లో దాన్ని పాడింది. కాబట్టి పాటలు రాసేవాడు లేక బ్యాండ్ పోయిందనడం తప్పు. కానీ ఆ పాటల్లో వైరుధ్యం లేదు. మొదటి ఆల్బమ్‌లో చర్చి, పాపం పక్కపక్కనే కూర్చుంటాయి. రాబర్ట్స్ పాటల్లో కొండలు, ప్రయాణం, తీయటి విరహం ఉంటాయి. వినడానికి హాయిగా ఉంటాయి, ఎవరినీ ఇబ్బంది పెట్టవు. ఇదే హాయిని మరికొంత నునుపు చేసి అమ్మితే ఎంత డబ్బొస్తుందో ఇంకొకరు త్వరలోనే చూపించబోతున్నారు.

ఆ ఆల్బమ్ చార్టులో 176 దగ్గర ఆగింది. ఆ ఏడాదే క్లైనో స్టూడియో పనులు చూసుకుంటానని వెళ్ళాడు. లెడన్ కూడా వెళ్ళాడు. గ్లెన్ ఫ్రై, డాన్ హెన్లీ, రాండీ మైస్నర్‌లతో కలిసి ఈగల్స్ బ్యాండ్ కట్టాడు. ఆ బ్యాండ్ 1976లో తెచ్చిన హిట్ పాటల సంకలనం అమెరికాలో 3 కోట్ల 80 లక్షల కాపీల స్థాయికి చేరిందని 2018లో ధ్రువీకరణ వచ్చింది. బరీటోస్ విత్తిన చేనుని ఈగల్స్ కోసుకున్నారని చాలామంది బాధపడతారు. అది సగమే నిజం. ఈగల్స్ నిర్దాక్షిణ్యంగా సాధన చేశారు, ప్రతి హార్మొనీని చెక్కారు, వాళ్ళకి పదునైన మేనేజ్‌మెంట్ ఉంది. బరీటోస్‌కి ఊహ తప్ప ఆ మూడింట్లో ఏదీ లేదు. లెడన్ ఒక్కడికే రెండు ఇళ్ళూ తెలుసు. ఆ నునుపు నచ్చక అతనూ 1975లో ఈగల్స్‌ని వదిలేశాడు.

క్లైనో ఖాళీని అల్ పెర్కిన్స్ నింపాడు. కెన్నీ వెర్ట్జ్ గిటార్‌కి వచ్చాడు. బ్లూగ్రాస్ లోకం నుంచి ఫిడిల్ వాయించే బైరన్ బెర్లైన్, బేస్ వాయించే రోజర్ బుష్ కలిశారు. మొదట్లో చెప్పుకున్న లైవ్ రికార్డు ఈ గుంపుదే. 171 వరకు వెళ్ళింది. ఆ కచేరీల నాటికే హిల్‌మన్ ఆ బండిని ఒంటెద్దుగా లాగుతున్నాడు. 1971 చివర్లో స్టీఫెన్ స్టిల్స్ కొత్త బ్యాండ్ మనాసస్ కోసం పిలవగానే హిల్‌మన్, పెర్కిన్స్ ఇద్దరూ వెళ్ళిపోయారు.

అయినా పేరు ఆగలేదు. ఒప్పుకున్న కచేరీలు మిగిలి ఉండటంతో రాబర్ట్స్ మరికొందరిని పోగుచేసి యూరప్‌లో ఆ పేరుతో వాయించాడు. స్థాపించిన నలుగురిలో ఒక్కరూ లేని ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ అదే మొదటిది. ఆ తర్వాత తలో దారి పట్టారు. బెర్లైన్, బుష్, వెర్ట్జ్ కంట్రీ గెజెట్ అనే బ్లూగ్రాస్ బ్యాండ్‌గా నిలదొక్కుకున్నారు. రాబర్ట్స్, మైకేల్ క్లార్క్ కొంతకాలానికి ఫైర్‌ఫాల్ బ్యాండ్‌లో తేలి, 1976లో టాప్ 10 హిట్ కొట్టారు. బరీటోస్ పేరు మీద ఎంత ప్రయత్నించినా రానిది, ఆ పేరు వదిలేశాక వచ్చింది.

పార్సన్స్ విషయానికొస్తే, అతనికి మళ్ళీ దారి చూపింది కూడా హిల్‌మన్ బ్యాండే. వాషింగ్టన్‌లోని ఒక క్లబ్బులో పాడుతున్న ఎమ్మీలూ హారిస్‌ని చూసి, ఈ అమ్మాయిని వెళ్ళి విను అని పార్సన్స్‌కి చెప్పినవాడు హిల్‌మన్. పార్సన్స్ రెండు సోలో రికార్డులూ ఆమె గొంతు తోడుతోనే నిలబడ్డాయి. రెండు గొంతులు సమానంగా నడిచే పాట మళ్ళీ దొరికింది, రెండో గొంతు మాత్రం మారింది. 1973 సెప్టెంబర్ 19న జాషువా ట్రీ ఎడారి దగ్గరి మోటెల్‌లో మత్తుమందు, మద్యం ఎక్కువై పార్సన్స్ చనిపోయాడు. అతని కోరిక తీర్చడానికని స్నేహితులు ఇద్దరు ఎయిర్‌పోర్టు నుంచి శవపేటికను తీసుకెళ్ళి ఎడారిలో దహనం చేయబోవడం పెద్ద వార్త అయింది. అంతకు ముందు అతని రికార్డులు కొననివాళ్ళు అప్పుడు అతని పేరు విన్నారు.

ఆ ఆసక్తి నుంచే 1974లో బ్యాండ్ పేరు మళ్ళీ లేచింది. మేనేజర్ ఎడీ టిక్నర్ చొరవతో క్లైనో, ఎథ్రిడ్జ్ తిరిగొచ్చారు. వాళ్ళతో ఫిడిల్ వాయించే జిబ్ గిల్బో, గిటార్‌కి జోయెల్ స్కాట్ హిల్, డ్రమ్స్‌కి జీన్ పార్సన్స్ చేరారు. జీన్‌కి, గ్రామ్‌కి చుట్టరికం లేదు, ఇంటిపేరు కలిసిందంతే. ఈ గుంపు కొలంబియా లేబుల్‌కి చేసిన 'ఫ్లయింగ్ అగైన్' 1975లో 138వ స్థానానికి చేరింది. మొదటి ఆల్బమ్ కంటే మెరుగైన స్థానమది. కానీ ఈ రోజు ఆ రికార్డు పేరెత్తేవాళ్ళు అరుదు. బాగా వాయించే మనుషులు, మామూలు పాటలు. వెంటనే ఎథ్రిడ్జ్ మళ్ళీ వెళ్ళాడు, బర్డ్స్ నుంచే ఇంకొకడు, స్కిప్ బాటిన్, వచ్చాడు. అతనితో కలిపి బర్డ్స్‌లో వాయించి బరీటోస్‌కి వచ్చినవాళ్ళు ఐదుగురయ్యారు.

1980 దశకం మొదట్లో కథ ఇంకో మలుపు తిరిగింది. గిల్బోకి జాన్ బీలాండ్ అనే గిటారిస్టు, రచయిత తోడయ్యాడు. పేరులోంచి ఫ్లయింగ్ తీసేసి బరీటో బ్రదర్స్ అన్నారు. కర్బ్ లేబుల్ కోసం నాష్‌విల్ రేడియోకి నచ్చేలా మెత్తగా పాడారు. 1981లో రెండు సింగిల్స్ కంట్రీ చార్టులో 20, 16 స్థానాలకి చేరాయి. పార్సన్స్ కాలంలో తలుపు కూడా తీయని కంట్రీ రేడియో ఇప్పుడు లోపలికి పిలిచి కుర్చీ వేసింది. ఆ పాటల్లో అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు. గంజాయి ఆకులు కుట్టిన సూటుతో ఎడారిలో నిలబడ్డ బ్యాండ్‌తో వాటికి పోలిక కూడా లేదు. క్లైనోకి కూడా అలాగే అనిపించి ఉంటుంది, మళ్ళీ సినిమా పనికి వెళ్ళిపోయాడు. 'ద టెర్మినేటర్' లాంటి సినిమాల స్పెషల్ ఎఫెక్ట్స్‌లో అతని చెయ్యి ఉంది.

ఆ తర్వాతి 15 ఏళ్ళ మార్పుల్ని పేరుపేరునా చెప్పడం అనవసరం. క్లైనో మళ్ళీ వచ్చాడు, యూరప్‌లో తిరిగారు, రికార్డులు చిన్న లేబుల్స్ మీద వచ్చాయి. ఎవరు మారినా వెనక కుర్చీలో క్లైనో స్టీల్ గిటార్‌తో కూర్చుంటే చాలు, వినేవాళ్ళు ఆ పేరుని ఒప్పుకునేవాళ్ళు. గాయకుణ్ణి మారిస్తే జనం గొణుగుతారు, ఆ శబ్దం మాత్రం ఇంకొకరు తేలేనిది. 1997లో క్లైనో మానేశాక ఆ ఒక్క ఆధారమూ పోయింది. మరో ఆల్బమ్ తర్వాత, 2000 ప్రాంతంలో బీలాండ్ బ్యాండ్‌ని ముగించాడు. క్లైనో తన కొత్త బ్యాండ్‌కి బరీటో డీలక్స్ అని పేరు పెట్టుకున్నాడు, అంటే తమ రెండో ఆల్బమ్ పేరు. అతను 2007 జనవరిలో చనిపోయాడు. ఆ బ్యాండ్‌లోని కొందరు ఇంకా ముందుకు వెళ్ళి, మళ్ళీ బరీటో బ్రదర్స్ పేరుతోనే రికార్డులు చేశారు.

మొదటి ఆల్బమ్ పాటలు మాత్రం వేరే దారిలో బతికాయి. ఎమ్మీలూ హారిస్ 'ఎలీట్ హోటల్' ఆల్బమ్‌లో 'సిన్ సిటీ', 'వీల్స్' రెండూ పాడింది. ఆ ఆల్బమ్ కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. 1981లో, నాష్‌విల్‌లో బరీటో బ్రదర్స్ రేడియో హిట్లు కొడుతున్న ఏడాదే, ఇంగ్లండ్‌కి చెందిన ఎల్విస్ కాస్టెల్లో 'హాట్ బరీటో నంబర్ 1' పాటని పేరు మార్చి రికార్డు చేశాడు. ఎథ్రిడ్జ్ 2012 ఏప్రిల్‌లో పోయాడు. నలుగురిలో చివరికి మిగిలింది హిల్‌మన్. 1980లలో డెజర్ట్ రోజ్ బ్యాండ్ పెట్టి కంట్రీ చార్టులో రెండు నంబర్ వన్ పాటలు సాధించాడు. తర్వాత హర్బ్ పెడర్సన్‌తో కలిసి చిన్న హాళ్ళలో మాండలిన్ పట్టుకుని పాడేవాడు. ఆ కచేరీల్లో 'వీల్స్', 'సిన్ సిటీ' ఉండేవి. పోస్టర్ మీద మాత్రం వాళ్ళిద్దరి పేర్లే ఉండేవి.